రెండో అర్జీ

మండల కార్యాలయం ఎదురుగా నాకొక జిరాక్స్ దుకాణం ఉంది. పేరుకు జిరాక్స్ గానీ, రోజంతా నేను చేసేది అర్జీలు రాయడమే. పాసు పుస్తకంలో తండ్రి పేరు తప్పు పడినవాళ్లు, పింఛను ఆగిపోయినవాళ్లు, పొలానికి వెళ్లే దారికి పక్కవాడు ముళ్లకంప అడ్డం వేశాడని వచ్చేవాళ్లు. అందరి తరఫునా "గౌరవనీయులైన" అని మొదలుపెట్టి "తమ విధేయుడు" అని ముగిస్తాను. విధేయుడు అన్న మాటను మా మండలంలో నా అన్నిసార్లు రాసినవాడు ఇంకొకడు ఉండడు.

ఈ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అప్పటి నుంచీ ఒకే పార్టీకి పనిచేస్తున్నాను. పోలింగు రోజు చీకటితో లేచి ఓటర్ల జాబితా చంకన పెట్టుకుని వెళ్లి, మాక్ పోలింగు దగ్గర నుంచి యంత్రానికి సీలు పడేదాకా బూత్ ఏజెంటుగా కూర్చునేవాణ్ణి. గాలి మాకు అనుకూలంగా వీచినప్పుడూ కూర్చున్నాను, ఓడిపోతామని ముందే తెలిసినప్పుడూ కూర్చున్నాను. అది ఏ పార్టీ అన్నది ఇక్కడ రాయను. రాస్తే మీరు నా మాట పక్కన పెట్టి నా కండువా రంగు చూస్తారు.

మా ఊరు చంద్రగిరి వైపు, స్వర్ణముఖికి దగ్గర. చెరువు నిండితే మరవ పారి, ఆ నీళ్లు ఒక వంక గుండా నదిలో కలుస్తాయి. రెవెన్యూ లెక్కల్లో దాన్ని వంక పోరంబోకు అని రాసి ఉంటుంది. కొన్నేళ్ల కిందట ఒకాయన వంకకు రెండు పక్కలా పొలాలు కొని ప్లాట్లు వేశారు. పనిలో పనిగా మధ్యనున్న వంకను కూడా మట్టితో పూడ్చి రోడ్డు తీశారు. ఎద్దులబండి దిగి ఎక్కేంత లోతున్న వంక పోయి, రోడ్డు కింద రెండు సిమెంటు గొట్టాలు మిగిలాయి. అప్పుడు అవతలి పార్టీ అధికారంలో ఉంది, ఆయన వాళ్ల మనిషి. మేము ఊరుకోలేదు. అర్జీ నేనే రాశాను. సర్వే నంబరు పటం నకలు తీయించి, వంక వెడల్పు ఎంత ఉండాలో ఎర్ర సిరాతో గుర్తు పెట్టి జత చేశాను. దిగువన ఉన్న కాలనీలో ఇల్లిల్లూ తిరిగి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాను. జిల్లా కేంద్రం అప్పటికి చిత్తూరే. సోమవారం పొద్దున్నే బస్సెక్కి కలెక్టరేటుకు వెళ్లి, వరుసలో నిలబడి ఇచ్చి వచ్చాము. తహసీల్దారు కార్యాలయం ముందు టెంటు వేసుకుని మూడు రోజులు కూర్చున్నాము. ఏమీ జరగలేదు.

ఆ తర్వాత కొన్ని సంగతులు జరిగాయి. వాటిని వరుసలో చెప్పను, చెబితే రంగు తెలిసిపోతుంది. ప్రభుత్వం మారి మా పార్టీ వచ్చింది. 2021 నవంబరు వానలు వచ్చాయి. తిరుపతి వీధులు ఏరులై పారిన రోజులవి, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని దిగువ ఊళ్లను ఖాళీ చేయించిన రోజులవి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. ఆ ప్లాట్లాయన మా కండువా కప్పుకున్నారు. కండువా కప్పిన రోజు వేదిక మీద మూడో వరుసలో నేనూ నిలబడి ఉన్నాను. చప్పట్లు కొట్టాను.

ఆ వానలకు వంక నీళ్లు దారి లేక కాలనీలోకి తిరిగాయి. ప్రాణాలు పోలేదు. ఒక అవ్వ ఇంట్లో గోడ మీద బురద గీత నా నడుము ఎత్తున ఉంది. సున్నం కొట్టించే స్తోమత లేక ఆ గీత చాలాకాలం అలాగే ఉండిపోయింది. దేవుడి పటాలన్నీ గీతకు పైన ఉన్నాయి, బియ్యం డబ్బా గీతకు కింద ఉంది. ఆమే ఒకరోజు నా దుకాణానికి వచ్చింది. "నాయనా, వంక సంగతి మళ్లీ ఒక అర్జీ రాయవా?" అని అడిగింది.

"చూద్దాం అవ్వా" అన్నాను.

"అప్పుడు నువ్వే ఇంటికి వచ్చి వేలిముద్ర వేయించుకుని పోయావు కదా నాయనా" అంది. కోపంగా అనలేదు. జ్ఞాపకం ఉందో లేదోనని అడిగినట్టుగా అని వెళ్లిపోయింది.

సర్వే నంబరు అదే. పటం అదే, నేను ఎర్ర సిరాతో గీసిన గీత కూడా అదే. మారిందల్లా నా నోరు. ఆ రోజు నుంచి నేను ఆలోచిస్తున్నది ఒక్కటే: ఇన్నేళ్లు నేను దేనికి విధేయుణ్ణి?

*

చిత్తూరులో కట్టమంచి ఉంది. ఇప్పుడు ఊరిలో కలిసిపోయింది గానీ, 1880లో అక్కడే కట్టమంచి రామలింగారెడ్డి పుట్టారు. కవిగా, విమర్శకుడిగా ఆయన గురించి పాఠాల్లో చదువుకున్నాము. ఆయన రాజకీయం గురించి మాత్రం ఈ జిల్లాలోనే ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. 1920ల మొదట్లో మద్రాసు రాష్ట్రాన్ని జస్టిస్ పార్టీ ఏలుతోంది. ప్రధాన మంత్రి, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవిలో, పానగల్లు రాజా. మద్రాసులో పానగల్ పార్కు ఆయన పేరు మీదే ఉంది. అసలు పేరు పానగంటి రామరాయణింగారు, పుట్టింది కాళహస్తిలో. కట్టమంచివారూ జస్టిస్ పార్టీ మనిషే. తమ పార్టీ నడుస్తున్న తీరు, నాయకుడి ఒంటెద్దు పోకడ ఆయనకు నచ్చలేదు. పార్టీ విడిచి బయటికి వచ్చారు. 1923 నవంబరు 27న శాసనమండలిలో అవిశ్వాస తీర్మానం చర్చకు వచ్చినప్పుడు, కాళహస్తి మనిషి ప్రభుత్వం మీద దాడికి ముందు నిలిచింది కట్టమంచి మనిషి. మన దేశపు చట్టసభల్లో అదే మొదటి అవిశ్వాస తీర్మానం అంటారు. 65 ఓట్లు ప్రభుత్వానికి, 44 ఓట్లు తీర్మానానికి. ఓడిపోయారు.

నాకు ఆ ఓటమి ముఖ్యం. గెలుస్తామన్న ధీమాతో గోడ దూకినవాళ్లను మనం రోజూ చూస్తున్నాము. అధికారంలో ఉన్న సొంత పార్టీని వదిలి, ఓట్లు చాలని వైపుకు వెళ్లి నిలబడటం వేరే జాతి పని. "పదవి రాలేదన్న అక్కసుతోనే" అన్న మాట ఇలాంటి ప్రతి మనిషికీ తగులుతుంది, ఆయననూ ఎవరో ఒకరు అనే ఉంటారు. అందుకే ఆయన తర్వాత చేసింది కూడా చూడాలి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్ర యూనివర్సిటీ, ఏర్పడితే మొదటి ఉపాధ్యక్షుడు (వైస్ ఛాన్సలర్) ఆయనే. 1930లో జాతీయోద్యమం మీద ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆ పదవికి రాజీనామా చేశారు. తాను కట్టిన ఇంటిని తానే వదిలి బయటికి నడిచారు. 1936లో మళ్లీ అదే పదవికి వచ్చారు, తర్వాత బ్రిటిషువారి సర్ బిరుదూ తీసుకున్నారు. కాబట్టి ఆయన మచ్చలేని విగ్రహమని నేను చెప్పడం లేదు. దగ్గరున్నదాన్ని పోగొట్టుకోవడానికి కనీసం రెండుసార్లు సిద్ధపడ్డారు. నాకు అది చాలు.

కట్టమంచి ఇప్పుడు చిత్తూరు జిల్లాలో, కాళహస్తి తిరుపతి జిల్లాలో. ఇద్దరి మధ్యా జిల్లా గీత పడింది. ఇద్దరినీ ఒకేసారి గుర్తు చేసుకునేవాళ్లు ఇంకా తగ్గిపోతారని నా బెంగ.

చిత్తూరు ఓటర్లు ఇలాంటి మనిషిని ఇంకొకరిని ఢిల్లీకి పంపారు. ఆచార్య ఎన్.జి. రంగా గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార సమష్టి వ్యవసాయం మీద తీర్మానం చేసింది. రైతు చేతిలో భూమి నిలవదని రంగా భయం. నెహ్రూ ప్రభ వెలిగిపోతున్న రోజులు. అప్పుడు రంగా కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ పదవి విడిచిపెట్టి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడయ్యారు. 1962లో చిత్తూరు ఎంపీ అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళితే ఉప ఎన్నిక వచ్చింది. ఆ ఎన్నికలో చిత్తూరు జిల్లా రంగాను గెలిపించింది. స్వతంత్ర పార్టీ ఆర్థిక విధానాలు నాకు సమ్మతం కావు. భూసంస్కరణల విషయంలో నేను వాళ్లకు ఎదుటి పక్షాన ఉండేవాణ్ణి. అయినా ఆయన నడిచిన పద్ధతి చూడండి. ఏ విషయంలో ఒప్పుకోనో బహిరంగంగా చెప్పారు, పదవి వదిలారు, జనం దగ్గరికి వెళ్లి ఓటు అడిగారు. రాత్రికి రాత్రి శిబిరం మార్చలేదు. ఏళ్ల తర్వాత ఆయన తిరిగి కాంగ్రెస్‌లో చేరారన్నది కూడా నిజమే. ఆ చేరికను సమర్థించే బాధ్యత నాది కాదు.

*

మా మండల పార్టీ అధ్యక్షుడు నాకంటే పదేళ్లు చిన్న. మంచివాడు. ఆయన పెళ్లిపత్రిక నేనే కంపోజు చేశాను. నేను మళ్లీ అర్జీ రాస్తున్నానని తెలిసి ఒక సాయంత్రం దుకాణానికి వచ్చి, టీ తెప్పించి, మెల్లగా మొదలుపెట్టాడు.

"అన్నా, మన ప్రభుత్వం ఉండగా మనమే అర్జీ పెడితే ఎలా? అవతలివాళ్లు ఫోటో తీసి ఊరంతా తిప్పుతారు."

"తిప్పనీ తమ్ముడూ. అప్పుడు పెట్టింది కూడా మనమే కదా."

"అప్పుడు వేరు అన్నా. ఏదైనా ఉంటే లోపల మాట్లాడుకుందాం. పార్టీ నిలబడితేనే కదా నీ సిద్ధాంతం నిలబడేది."

ఈ చివరి మాటను నేను తేలిగ్గా తీసుకోను. అందులో నిజం ఉంది. పదిమంది కలిసి, తమ సొంత ఇష్టాలు కొంచెం కొంచెం తగ్గించుకుని ఒక జెండా కింద నిలబడకపోతే ఏ మంచి పనీ చట్టం దాకా పోదు. కట్టుబాటు లేకపోతే ఏమవుతుందో 1967లో హర్యానాలో చూశాము. గయాలాల్ అనే ఎమ్మెల్యే పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారి, దేశానికి "ఆయారామ్ గయారామ్" అన్న సామెత ఇచ్చాడు. నిలబడటమే నీతి అయిన సందర్భాలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు, పదవులు చూపించినా కదలని ఎమ్మెల్యేలు నెల రోజులు గట్టిగా ఉన్నారు కాబట్టే జనం ఇచ్చిన తీర్పు సెప్టెంబరులో తిరిగి నిలబడింది. ఏ పార్టీవాడైనా అది ఒప్పుకోవాలి. వాళ్ల విధేయత వెనుక ఓటరుకు ఇచ్చిన మాట ఉంది. మా ఊరి వంక విషయంలో నన్ను అడిగిన విధేయత వెనుక ఏముంది? కాలనీకి మేము ఇచ్చిన మాటను మింగేయమని అడిగారు.

లోపల మాట్లాడుకుందాం అన్నది కూడా సరైన మాటే, లోపల అనే చోటు ఒకటి ఉంటే. నేను మూడుసార్లు లోపల మాట్లాడాను. మొదటిసారి "చూద్దాం" అన్నారు. రెండోసారి "ఎన్నికలు కానీ" అన్నారు. మూడోసారి నేను లేచేసరికి మైకు ఇంకొకరికి ఇచ్చారు. ఏ పార్టీలోనైనా మండల సమావేశం అంటే పైనుంచి వచ్చిన కార్యక్రమాలు చదివి వినిపించడమే ఇప్పుడు. చర్చకు చోటు మూసేసి, బయట మాట్లాడితే ద్రోహం అనడం న్యాయం కాదు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన హెచ్చరికను తిరుపతిలో ఉన్నవాళ్లం మరీ శ్రద్ధగా వినాలి. మతంలో భక్తి ఆత్మ మోక్షానికి దారి కావచ్చు, రాజకీయాల్లో భక్తి, వ్యక్తి పూజ మాత్రం పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి అన్నారాయన. మా ఇంట్లోనూ శనివారం దీపం పెట్టాకే మిగతా పనులు. అలిపిరి మెట్లెక్కేటప్పుడు నేను ఆ దేవుణ్ణి లెక్క అడగను, అడగాలనీ అనిపించదు. ఎంత మొక్కుబడి అయితే అంత చెల్లించి దండం పెట్టుకుని దిగి వస్తాను. ఆ అలవాటుతోనే కొండ కింద నాయకుల దగ్గరా దండం పెట్టి నిలబడుతున్నాము. వాళ్ల కటౌట్లకు పాలు పోస్తున్నాము. నేను కూడా ఒకప్పుడు పాల ప్యాకెట్లు కొనడానికి చందా ఇచ్చాను. లెక్క అడగవలసిన చోట లెక్క అడగకపోతే దాన్ని భక్తి అని గౌరవించడం నా వల్ల కాదు.

*

చట్టం ఎవరి పక్షాన ఉందో కూడా చూద్దాం. ఫిరాయింపులను ఆపడానికి 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు తెచ్చారు. ఉద్దేశం మంచిదే. ఒక ఎమ్మెల్యే తన పార్టీ విప్‌ను కాదని ఓటు వేస్తే, ముందుగా అనుమతి తీసుకోకపోతే, పార్టీ పదిహేను రోజుల్లోగా క్షమించకపోతే, సభ్యత్వం పోతుంది. ప్రభుత్వం కూలే విషయమైనా, చెరువుల బిల్లు అయినా ఒకటే శిక్ష. తన నియోజకవర్గం మునిగే బిల్లు వచ్చినా మనవాడు పార్టీ చెప్పిన మీటే నొక్కాలి. అదే మూడింట రెండు వంతులమంది మూటగట్టుకుని ఇంకో పార్టీలో విలీనమైతే అనర్హత లేదు. ఒక్కడు మనస్సాక్షితో ఓటు వేస్తే తప్పు, మంద మొత్తం గోడ దూకితే ఒప్పు. పైగా తీర్పు చెప్పవలసింది స్పీకరు. ఆయన ఏదో ఒక పార్టీ టికెట్టు మీద గెలిచినవాడే. ఫిర్యాదులు సభ కాలం ముగిసేదాకా బల్ల మీదే పడి ఉంటాయి. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పవలసి వచ్చింది. అవిశ్వాసం, విశ్వాసం వంటి ఓటింగులకే అనర్హతను పరిమితం చేయాలని ఎన్నికల సంస్కరణల మీద వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సూచించింది. ఇన్ని ప్రభుత్వాలు మారాయి, ఆ సూచన జోలికి ఎవరూ పోలేదు. ఎందుకు పోతారు? అన్ని పార్టీల అధినాయకులకూ నోరెత్తని ఎమ్మెల్యేనే కావాలి.

స్పీకర్ల సంగతి వచ్చింది కాబట్టి మన రాయలసీమ మనిషిని తలచుకోవాలి. నీలం సంజీవరెడ్డి 1964లో ముఖ్యమంత్రి. కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం తీరును తప్పుపడితే ఆయన కుర్చీ దిగిపోయారు. 1967లో లోక్‌సభ స్పీకరు కాగానే మూడు దశాబ్దాలకు పైగా ఉన్న కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. సభాపతికి పార్టీ ఉండకూడదని. ఈ రోజు ఆ మాట అంటే అమాయకుడంటారు. పదో షెడ్యూలు స్పీకర్లకు ఆ వెసులుబాటు విడిగా రాసి ఇచ్చింది. దాన్ని వాడుకున్నవాళ్లను వెతకాలి. పదవి గౌరవం కోసం పార్టీ ఆజ్ఞను కాదన్న లోక్‌సభ స్పీకరు సోమనాథ్ చటర్జీని 2008 జూలైలో ఆయన పార్టీ మరునాడే బహిష్కరించింది.

ఆ సంజీవరెడ్డికే ఇంకో అనుభవం ఉంది, అది నా వాదనకు అడ్డం తిరుగుతుంది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఆయన కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయండి అన్నారు. వి.వి. గిరి గెలిచారు, సంజీవరెడ్డి ఓడారు, పార్టీ రెండుగా చీలింది. అంతరాత్మ అన్న పవిత్రమైన మాట ఒక ముఠా చేతిలో కర్ర అయింది. కాబట్టి మనస్సాక్షి పేరు చెప్పిన ప్రతివాడినీ నేను నమ్మను. ముందు గొడవ పడి తర్వాత మనస్సాక్షి వెతుక్కున్నాడా, మనస్సాక్షి వల్ల గొడవ పడ్డాడా అని చూస్తాను. ఏం పోగొట్టుకున్నాడో చూస్తాను. ఎక్కడికి చేరాడో చూస్తాను. ఈ మూడూ చూశాక కూడా తేలని మనుషులు ఉంటారు, వాళ్ల విషయంలో తీర్పు ఇవ్వను.

మా పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఊరి పనికి పార్టీ అక్కర్లేదని చట్టమే ఒప్పుకుంది. అయినా ఈ రోజు మా ఊళ్లో వీధి దీపం కాలిపోయిందని చెప్పాలన్నా ముందు "నువ్వు ఎవరి మనిషివి" అన్న ప్రశ్న దాటాలి. ఇది ఇలా కావడానికి నాలాంటి వాళ్లం కారణం. నాయకుల్ని అనడం తేలిక. ఓటర్ల జాబితాలో ఒక్కో పేరు పక్కన "మన", "వాళ్ల" అని పెన్సిలుతో గుర్తులు పెట్టింది నేనే. అవ్వ పేరు పక్కన నేను పెట్టిన గుర్తు "సందేహం".

*

రెండో అర్జీ రాశాను. మొదటిదాని నకలు పక్కన పెట్టుకుని రాశాను. మార్చవలసింది చాలా తక్కువ: కలెక్టరేటు చిరునామా, తేదీ, వరదలో తడిసిన ఇళ్ల వివరాలు. "ఇదే విషయమై గతంలో అర్జీ ఇచ్చి ఉన్నాము" అని ఒక వాక్యం చేర్చాను. సంతకాల్లో మొదటిది నాది. మొదటి అర్జీలో నా పేరు లేదు. అప్పుడు ఊరి పేరు మీద పోతే పార్టీకి మంచిదనుకున్నాము. కాలనీకి వెళితే అవ్వ వేలిముద్ర వేసే ముందు తన పేరు ఎక్కడ రాశానో చూపించమంది. చూపించాను. పైకి చదవమంది. చదివాను.

ఈసారి తిరుపతి కలెక్టరేటులోనే ఇచ్చాము, చిత్తూరు బస్సు తప్పింది. అర్జీ ఇచ్చిన వారానికి పార్టీ ఫోను గ్రూపులో నా నంబరు లేదు. బూత్ ఏజెంట్ల కొత్త జాబితాలో నా పేరు బదులు మా వీధి కుర్రవాడి పేరు ఉంది. వాడికి ఓటర్ల జాబితా ఎలా చూడాలో నేర్పింది నేనే, బాగా చేస్తాడు. నేను ఏ పార్టీలోనూ చేరలేదు. అవతలివాళ్లు ఇద్దరు మనుషులను పంపారు. కండువా సిద్ధంగా ఉందని చెప్పించారు. వద్దన్నాను. వంక విషయం తప్ప మా పార్టీ చెప్పేవాటిలో చాలావాటిని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను, ఓటు కూడా అటే వేస్తాను. మండల అధ్యక్షుడు దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు బండి ఆపడం లేదు గానీ తల ఊపుతున్నాడు.

సర్వేయరు గురువారం వస్తానని కబురు పెట్టారు. పోయిన గురువారం కూడా అదే చెప్పారు, రాలేదు. ఆ రోజు అవ్వ పదకొండు గంటలదాకా రోడ్డు మీది గొట్టాల దగ్గర గొడుగు వేసుకుని కూర్చుంది. పాత హద్దు రాయి ఎక్కడుందో తనకు తెలుసంటుంది, చిన్నప్పుడు దాని మీద కూర్చుని మేకలు కాసిందట. మట్టి కింద రెండు అడుగుల్లో ఉంటుందంటుంది. రేపు బుధవారం సాయంత్రం నేనూ, ఆమె మనవడూ పార తీసుకుని వెళ్లి చూస్తాము.